పసుపు రాసిన నవల

ఈ బేస్‌మెంట్‌లో గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో ఒకరి ఒళ్ళో అమ్మవారి వెయ్యి పేర్లు లేవు, తన నవల ఉంది. ఎవరి ఒళ్ళో అన్నది హారతి వెలిగేలోపు తేలిపోవాలి. ఇలా అనుకుంటూనే జయంతి అందరితో పాటు ధ్యానశ్లోకానికి కళ్ళు మూసుకుంది, అంటే మూసుకున్నట్టు రెప్పలు దించి సందులోంచి చూపు తిప్పింది. పీఠం పక్కనే విజయశ్రీ, ఇల్లు ఆవిడదే, అమ్మవారికి తనే మేనేజరన్నట్టు పట్టుచీర కుచ్చిళ్ళు పరుచుకుని కూర్చుంది. ఆవిడ పక్కన వాళ్ళమ్మ కోటమ్మగారు, ఆర్నెల్లకని వచ్చి న్యూజెర్సీ చలికి చీర మీద అల్లుడి స్వెట్టర్ తొడుక్కున్న పెద్దావిడ. ఆ పక్కన ఉష, యూనివర్సిటీలో చదువుకుంటున్న కుర్రాడి భార్య, వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎడిసన్ నుంచి ఒకే కార్లో వచ్చే అక్కచెల్లెళ్ళిద్దరూ పోయిన వారం రానేలేదు కాబట్టి వాళ్ళని లెక్కలోంచి తీసేయొచ్చు. తన ఎడమ పక్కన శశికళ. అందరి ఒళ్ళోనూ ఒకే రకం పుస్తకం, ఒకే రకం అట్ట. సూపర్‌మార్కెట్ కాగితం సంచి కోసి, అచ్చున్న వైపు లోపలికి తిప్పి, నాలుగు మూలలా పసుపు రాసి మధ్యలో కుంకుమ బొట్టు పెట్టిన అట్ట. విజయశ్రీ అన్నయ్య విజయవాడ నుంచి ఓ కట్ట పంపిస్తే ఆవిడే కూర్చుని అన్నిటికీ అట్టలేసి పంచిపెట్టింది. పేర్లు రాసుకుందామని ఉష పెన్ను తీస్తే, "అమ్మవారి దగ్గర నాదీ నీదీ ఏంటమ్మా" అని పెన్ను లాక్కుంది. ఇదిగో, ఆ వేదాంతమే జయంతి కొంప ముంచింది.

శ్లోకం అయింది, అట్టలు తెరుచుకున్నాయి. వారం రోజులుగా జయంతి కాచుక్కూర్చుంది ఈ క్షణం కోసమే. తెరవగానే ఇంగ్లీషు అక్షరాలు కనపడితే ఎవరైనా ఉలిక్కిపడాలి, కనీసం పక్కవాళ్ళ వంక చూడాలి. ఎవరూ ఉలిక్కిపడలేదు. విజయశ్రీ గొంతెత్తింది, మిగతావాళ్ళు అందుకున్నారు, తేమ పీల్చే డీహ్యుమిడిఫయర్ గొణుగుడు మీదుగా నామాలు పరుగందుకున్నాయి. అంటే పుస్తకం దొరికినావిడకి ముందే తెలుసు. తెలిసి వారమంతా ఫోన్ చెయ్యలేదు. జయంతి అంటే తేలు కుట్టిన దొంగ, కిక్కురుమనకూడదు. మరి ఆవిడకేం తేలు కుట్టిందట? మామూలు మనిషైతే ఆ రాత్రే ఫోన్ తీసి, ఏమర్రా, నా పుస్తకం మీలో ఎవరికొచ్చింది, నాకిదేదో వచ్చింది అని నలుగురికీ చెప్పి నవ్వేది. చెప్పలేదంటే చదువుతోందన్నమాట. లేదా దాచిపెట్టి అదను కోసం చూస్తోందన్నమాట. ఈ రెండిట్లో ఏది నయమో జయంతికి తెలియలేదు.

అసలు పాపమంతా మడిది. గోపాల్ మంచివాడే, కానీ ఇంట్లో కాగితం ముక్క కనిపిస్తే చాలు తిరగేసి చూసే మొగుడు. దేవుడి పుస్తకాలు మాత్రం స్నానం చేయకుండా ముట్టుకోడు, స్నానం చేశాక ముట్టుకునే టైము ఉండదు, ఆఫీసుకి పరిగెత్తాలి. కాబట్టి ఇంట్లో దేవుడి అల్మరా అంత భద్రమైన చోటు ఇంకోటి లేదని జయంతి కనిపెట్టింది. ఆ నవల తను పనిచేసే లైబ్రరీలో పారేసే పుస్తకాల బండిలో దొరికింది. ముఖచిత్రం మీద ఇద్దరాడవాళ్ళు, ఒకరికి కిరీటం, ఒకరి చేతిలో వెండి చెంచా, నుదుళ్ళు ఆనించుకుని ఉన్నారు. మగవాడెక్కడున్నాడా అని వెతికింది, వెనక వైపు కూడా లేడు. ఇంటికి తెచ్చి, సంచి కోసి అట్ట వేసి, పక్కవాటితో కలిసిపోవాలని మూలలకి పసుపు కూడా రాసింది. మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. తల్లీ క్షమించు, ఇందులోనూ ఓ రాణి ఉందిలే అని సర్దిచెప్పుకుంది. రోజూ గోపాల్ కారు వీధి మలుపు తిరగ్గానే స్నానమైనా చేయకుండా ఆ అల్మరా తలుపు తీసేది. పోయిన శనివారం పొద్దున పనికి పోతూ తొందరలో చేతికందిన పుస్తకం సంచిలో పడేసుకుంది, డ్యూటీ దిగి హారతి వేళకి ఇక్కడికి చేరింది, అందరూ పీఠం మీద పేర్చిన దొంతర మీద తనదీ పెట్టింది, ప్రసాదం తిని దొంతరలోంచి ఒకటి తీసుకుని ఇంటికెళ్ళింది. అక్కడ నవల అనుకుని తెరిస్తే అందులో అమ్మవారు.

ఇంకో మూడు పేజీలు చదివి ఉంటే బాగుండేది. ఎవరికీ చెప్పుకోలేని బాధ ఇది, ఇంత భయంలోనూ మనసు అక్కడికే పోతోంది. ముసలి రాణికి రోజూ అన్నంలో ఎవరో కొంచెం కొంచెం విషం పెడుతున్నారు. రాణి తినబోయే ప్రతి ముద్దా ముందు తిని చూడటం ఒక పిల్ల ఉద్యోగం. అంత పెద్ద రాణి తినేదంతా ఆ పిల్ల ఎంగిలేనని తోచి జయంతి వంటింట్లో ఒక్కతే నవ్వుకుంది. ఆ పిల్లకి యువరాణి మీద మనసు, యువరాణికీ అంతే. చిత్రమేమిటంటే ఆ రాజ్యంలో అది వార్త కాదు. ఇద్దరాడవాళ్ళు తోటలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తుంటే మంత్రులు పక్కకి తప్పుకుని దండం పెడతారు. ఆ పిల్లది ఏ వంశం, ఏ కోట తాలూకు మనిషి, ఎవరి గూఢచారి అన్నదే వాళ్ళ గోల. ఆ పేజీలు జయంతి మళ్ళీ మళ్ళీ చదివింది, ఎక్కడైనా ఒక్కడైనా ఛీ అంటాడేమోనని. ఎవడూ అనలేదు. తనకి ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఎవరూ ఛీ అనని దేశం ఒకటి ఉండొచ్చని, కాగితం మీదైనా సరే ఉండొచ్చని, ఇన్నేళ్ళలో ఒక్కసారి తోచలేదు. తరవాత ఆ పిల్ల యువరాణి వేలికి కొత్త ఉంగరం చూస్తుంది, రాయి పైకి లేపితే కింద సన్నటి గొయ్యి, గోతిలో తెల్లటి పొడి. అక్కడ ఆగింది జయంతి. పాలు పొంగితే లేచింది, మళ్ళీ తెరిచేసరికి నవల లేదు. యువరాణే పెడుతోందా? తోటలో ఆ పిల్ల పట్టుకున్న చేత్తోనేనా? వారమంతా గిన్నెలు తోముతూ, పుస్తకాలు సర్దుతూ, ఎర్ర లైటు దగ్గర ఆగి ఇదే ఆలోచన.

పేజీ తిరిగింది. పుస్తకాలన్నీ ఒకే అచ్చు కాబట్టి పేజీలన్నీ ఒకేసారి తిరుగుతాయి, గాలికి ఎండుటాకులు కదిలినట్టు చిన్న చప్పుడు. అప్పుడు తట్టింది జయంతికి. నవల ఉన్నావిడ తడబడుతుంది కదా, చప్పుడు తేడాగా వస్తుంది కదా. చెవులు రిక్కించి కూర్చుంది, నోరు దానంతటదే నామాలు చెప్పుకుపోతోంది. ఇదిగో, అందరికంటే ముందు ఒక పేజీ తిరిగింది. కోటమ్మగారు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆవిడే కదా అడిగింది, "ఏమ్మాయ్, ఏదో పారేసుకున్నదానిలా ఉన్నావు" అని. భుజాలు తడుముకున్నంత పని చేసింది. ఈవిడకి ఇంగ్లీషు రాదనుకున్నాం, ఎవరు చూడొచ్చారు, ఆ కాలంలో కాన్వెంట్లో చదివిందేమో, వేసవి మధ్యాహ్నాలు తెల్లవాళ్ళ నవలలు నమిలేసిందేమో. జయంతి మెడ సాచి చూసింది. కోటమ్మగారు బొటనవేలు నాలుకకి అద్దుకుని మూడేసి పేజీలు తిప్పుతోంది, కళ్ళజోడు స్వెట్టర్ జేబులో ఉంది, ఒళ్ళో ఉన్నవి గుండ్రటి తెలుగు అక్షరాలు. ఉష సంగతి ఇంకా తేలిక, ఆ పిల్ల వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది, అది నటన అయితే ఆ పిల్లకి సినిమాల్లో వేషమివ్వాలి. ఇంక మిగిలింది విజయశ్రీ. ఆవిడ పుస్తకం తెరవనే లేదు. మూసిన అట్ట మీద అరచెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కంఠతా చెప్పుకుపోతోంది.

కంఠతా వచ్చని తెరవలేదా, తెరిస్తే బయటపడుతుందని తెరవలేదా? ఆవిడైతే కథ ముగిసినట్టే. పుస్తకం మొదటి పేజీ మీద లైబ్రరీ ముద్ర ఉంది, ఈ పిస్కాటవే ఊళ్ళో తెలుగువాళ్ళలో లైబ్రరీలో పనిచేసేది ఎవరో ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు. విజయశ్రీ తిట్టదు, నలుగురిలో పెట్టి మాట అనదు, ఆవిడ పద్ధతి వేరు. ఇక్కడ ఏం జరిగినా, పూజ కానీ పిక్నిక్ కానీ, కబురు ఫోన్ల మీద నడుస్తుంది. విజయశ్రీ శశికళకి చేస్తుంది, శశికళ జయంతికి, జయంతి ఉషకి. నిరుడు ఆ వరసలో శశికళకీ జయంతికీ మధ్య రాధారాణి ఉండేది. మొగుణ్ణి వదిలేసి పార్సిప్పనీలో వేరే అపార్ట్‌మెంట్ తీసుకుంది. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఆమెకి రావాల్సిన ఫోన్ జయంతికి వచ్చింది, అంతే, రాధారాణి అనే మనిషి ఈ ఊళ్ళో లేకుండా పోయింది. ఉగాది ఎప్పుడు చేసుకున్నామో ఆమెకి తెలియదు, ఎవరింట్లో పిల్ల పుట్టిందో తెలియదు. తనకీ అంతే అవుతుంది. గోపాల్ అడుగుతాడు, ఏమిటే ఈ మధ్య ఎవరూ పిలవట్లేదు అని. ఏం చెబుతుంది? పైగా ఈ వారం కబురు శశికళ దగ్గర్నుంచి రాలేదు, విజయశ్రీయే స్వయంగా చేసింది. "శశి బిజీగా ఉందిట, నన్నే చెప్పమంది. నువ్వు తప్పకుండా రావాలి జయంతీ" అంది. తప్పకుండా అని ఎందుకంది? ఎప్పుడైనా అందా ఆ మాట? శశికళ ఎందుకు చెయ్యలేదు?

లైబ్రరీ ముద్ర ఒక్కటే అయితే ఎలాగో బొంకొచ్చు, బండిలో పడి ఉంటే పొరపాటున వచ్చిందని. పిన్నుకి ఏం చెప్పాలి? ఉంగరం పేజీలో గుర్తుకి పెట్టింది కాగితం కాదు, శశికళ జడపిన్ను, ఆకుపచ్చ రాయిది. జతలో ఒకటి. చలికాలంలో ఒక సాయంత్రం శశికళ కారు స్టార్ట్ కాకపోతే జయంతి ఎక్కించుకుంది. మంచు అద్దాన్ని కప్పేస్తోంది, వైపర్లు కొట్టుకుంటున్నాయి, ఇంటి ముందు ఆపినా శశికళ దిగలేదు. "రాధారాణికి ఫోన్ చెయ్యొద్దంది విజయశ్రీ అక్క. నేను మానేశాను జయంతీ. ఎందుకని కూడా అడగలేదు" అని సీటు మీద తల ఆనించి ఏడ్చింది. జయంతి చెయ్యి గేరు మీద ఉంది. ఆ చెయ్యి తీసి ఆ తల మీద పెట్టాలని ఎంతగా అనిపించిందో, అంతగా అనిపించినందుకే పెట్టలేదు. ఆమె దిగిపోయాక సీటు సందులో పిన్ను. మర్నాడు శశికళ అడిగింది కూడా, నీ కార్లో పడిందా అని. చూస్తానంది జయంతి, అప్పటికే అది పర్సులో ఉంది. జతలో ఒకటి పోయాక శశికళ రెండోది పెట్టుకోవడం మానేసింది. ఆ పిన్ను ఇక్కడి ఆడవాళ్ళందరికీ తెలుసు, అందరూ దాన్ని చూసి ఎక్కడ కొన్నావని అడిగినవాళ్ళే. ఆ నవలలో, ఆ పేజీలో, ఆ పిన్ను. చదువురాని వాళ్ళకి కూడా అర్థమవుతుంది. జయంతి తనకి తాను కూడా ఇంతవరకూ పైకి చెప్పుకోని మాట అది, ఎవరి ఒళ్ళోనో తెరుచుకుని కూర్చుంది.

నామాలు సగం దాటాయి. పైన పిల్లలు మెట్ల దగ్గర దబదబా పరిగెడుతున్నారు, పులిహోర పోపు వాసన కిందికి దిగింది. పక్కన శశికళ గొంతు ఎక్కడో తప్పింది, ఒక పేరు వదిలేసి తరవాతదాన్ని అందరి వెనకా అందుకుంది. మళ్ళీ తప్పింది. జలుబేమో, గాలిలో పుప్పొడి తిరిగే రోజులు అసలే, అనుకుంది జయంతి, అటు చూడలేదు. నలుగురిలో ఎప్పుడూ అటు చూడదు. తిన్నగా ఎదురుగోడ చెక్కల వంక చూస్తుంది, కోటమ్మగారి స్వెట్టర్ గుండీల వంక చూస్తుంది, శశికళ మాట్లాడుతుంటే ఆమె చేతిలో గ్లాసు వంక చూస్తుంది. నవలలో ముసలి మంత్రి ఆ పిల్లని హెచ్చరిస్తాడు, సభలో నువ్వు చూడని వైపే నీ ప్రాణం ఉందని అందరూ కనిపెట్టేస్తారు, జాగ్రత్త అని. ఆ వాక్యం దగ్గర జయంతి పుస్తకం మూసి కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఇప్పుడు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. గదిలో అందరి ఒళ్ళూ వెతికింది, మూరెడు దూరంలో ఉన్న ఒళ్ళోకి మాత్రం చూడలేదు. చూడాలా? ఆమె అయితే? ఆమె అయితే విజయశ్రీ కంటే ఘోరం. రాధారాణికి ఫోన్ చెయ్యొద్దంటే మానేసిన మనిషి. ఏడ్చింది నిజమే, మానేసిందీ నిజమే. ఈ వారం తనకి చెయ్యనిదీ ఆమే. శశి చెప్పమందిట. వరసలోంచి ఒక మనిషిని తప్పించడం ఆమెకి కొత్తేమీ కాదు. తోటలో పట్టుకున్న చెయ్యీ ఉంగరం తొడుక్కున్న చెయ్యీ ఒకటే కావచ్చు, ఆ పుస్తకం రాసినావిడ అందుకే రాసిందేమో. చివరి నామం వచ్చేసింది, అందరూ దీర్ఘం తీశారు.

విజయశ్రీ భర్త మెట్లు దిగొచ్చి కుర్చీ ఎక్కి స్మోక్ అలారంలోంచి బ్యాటరీ తీశాడు, హారతికి ముందు ప్రతి వారం జరిగే తంతు. కర్పూరం వెలిగింది. పళ్ళెం వరసగా తిరిగింది. శశికళ వంగి హారతి కళ్ళకద్దుకుంది, తల మీది కొంగు భుజం మీదికి జారింది, జడ మొదట్లో ఆకుపచ్చ రాయి కర్పూరం వెలుగులో మెరిసింది.

జయంతి చేతులు హారతి మీద అలాగే ఉండిపోయాయి, వేడి తగిలి వెనక్కి తీసుకుంది. అయితే ఆమే. తీసుకుంది, తనది తను తీసుకుంది, పెట్టుకుని మరీ వచ్చింది, సభలో సాక్ష్యం చూపించినట్టు. చూస్తానన్నావే, చూశావా అని అడుగుతున్నట్టు. దొంగా అన్నట్టు. విజయశ్రీకి చెప్పేసి ఉంటుంది, అందుకే తప్పకుండా రమ్మన్నారు, ఇప్పుడు ప్రసాదం దగ్గర, అందరూ ఉండగా, నవ్వుతూ. ఒక్కొక్కరే పుస్తకాలు తెచ్చి పీఠం మీద పేరుస్తున్నారు. కోటమ్మగారిది, ఉషది, అక్కచెల్లెళ్ళవి. జయంతి తన చేతిలోది పెట్టింది. శశికళ పెట్టలేదు.

"శశీ, పుస్తకం పెట్టవే" అంది విజయశ్రీ.

"ఇది జయంతిదక్కా. పోయిన వారం మారిపోయింది."

"అమ్మవారి దగ్గర నాదీ నీదీ ఏంటే. ఇలా ఇయ్యి, నేను పెడతాను" అని విజయశ్రీ చెయ్యి చాపింది. అట్ట మీద కాకుండా పేజీల మీదికి చూసినా చాలు, ఇంగ్లీషు అచ్చని తెలిసిపోతుంది. శశికళ పుస్తకం గుండెలకి ఆనించుకుంది.

"వద్దక్కా, కాఫీ తాగుతూ చదివాను, దాని మీద ఒలికింది. ఎంగిలి. పీఠం మీద పెట్టకూడదు."

చాపిన చెయ్యి టక్కున వెనక్కి పోయింది. "ఏం మనిషివే నువ్వు, స్తోత్రాలు కాఫీ తాగుతూ చదువుతారా" అని విజయశ్రీ పట్టుచీర కూడా దూరం జరుపుకుంది. కోటమ్మగారు, పోనీలెద్దూ, చదివింది కదా అంది. ఉష విస్తళ్ళు తేవడానికి పైకి వెళ్ళింది, ఆమె వెనక మిగతావాళ్ళు లేచారు, మోకాళ్ళు పట్టేశాయని, పులిహోర చల్లారిపోతుందని. ఆ సందడిలో శశికళ పుస్తకం తెచ్చి జయంతి చేతుల్లో పెట్టింది. అట్ట మూల మీద నిజంగానే కాఫీ మరక ఉంది, పసుపు మీద గోధుమరంగు వలయం.

జయంతి అలవాటుగా ఆమె గాజుల వంక చూసింది, పుస్తకం వంక చూసింది, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఉంగరం పేజీ దగ్గర తెరిచింది. పిన్ను అక్కడే ఉంది. తను పెట్టిన చోటే, అదే వరస మీద, ఆకుపచ్చ రాయి పైకి ఉండేట్టు. కాసేపటికి గానీ అర్థం కాలేదు. జడలో ఉన్నది రెండోది. చలికాలం నుంచి పెట్టుకోకుండా ఉంచిన జత.

"ఫోన్ చేస్తే గొంతులో తెలిసిపోతుందని చెయ్యలేదు" అంది శశికళ చాలా మెల్లగా, పీఠం మీది పువ్వులు సర్దుతున్నట్టు వంగి. "రెండుసార్లు చదివాను. నువ్వెక్కడ ఆగావో నాకు తెలుసుగా, వారమంతా అనుమానంతో చచ్చిపోతుంటావు." మెట్ల మీంచి విజయశ్రీ వాళ్ళిద్దర్నీ పేరుపెట్టి పిలిచింది. శశికళ లేచి నిలబడింది. "ఆ విషం పెట్టింది యువరాణి కాదు జయంతీ."

జయంతి తలెత్తి, మెట్ల మీద అందరూ ఆగి చూస్తుండగానే, ఆమె మొహంలోకి చూసింది.